సాసర్లో ఖర్జూరపు గింజ

మొన్న శుక్రవారం పొద్దున పెరుగూ కొత్తిమీరా ఒక పెట్టె ఖర్జూరాలూ కొందామని కువైట్‌లోని ఫర్వానియాలో మా ఫ్లాటు కింది సూపర్ మార్కెట్టుకు వెళ్ళాను. బిల్లు వేసే అమ్మాయిల్లో ముగ్గురిని తీసేసి వాళ్ళున్న చోట నిలువెత్తు యంత్రాలు పెట్టారు. సరుకు మనమే దానికి చూపించుకోవాలి, కార్డు మనమే తాకించుకోవాలి, సంచిలో మనమే సర్దుకోవాలి, ఇన్ని మనమే చేసుకున్నాక డబ్బు మాత్రం వాళ్ళకే ఇవ్వాలి. సరే, కాలం ఇలా వచ్చిందనుకుని కార్డు తాకించాను. అది టిక్కుమని శబ్దం చేసి చీటీ బయటికి తోసింది. నేను సంచి భుజాన వేసుకుంటూ, నాకు తెలియకుండానే, "మెర్సీ, బొన్ జూర్నే" అన్నాను. నా వెనక నిలబడిన పెద్దమనిషి ఒకసారి నన్నూ, ఒకసారి యంత్రాన్నీ చూసి, ముసలావిడకు మతి తప్పినట్టుంది అనుకుని మర్యాదగా తల తిప్పుకున్నాడు.

"థాంక్సండీ, ఈ రోజు మీకు బాగా గడవాలి" అని ఆ ఫ్రెంచి మాటలకు అర్థం. రాయచోటి పక్కనుంచి వచ్చి, కువైట్‌లో ఇళ్ళ పనులు చేసి, ఇప్పుడు ఆరుగురు ఆడవాళ్ళకు వంట చేసి పెడుతూ బతికే నాకు ఈ మాటలు ఎందుకు వచ్చాయని మీకు అనిపించవచ్చు. నా వయసువాళ్ళయితే, బొంబాయి దాకా రైల్లో వచ్చి, మెడలో పాస్‌పోర్టు సంచి వేలాడేసుకుని విమానం ఎక్కిన వాళ్ళయితే, చెప్పే దాంట్లో సగం మీకు ముందే తెలిసి ఉంటుంది. మిగతా సగం చెబుతాను.

మా ఆయన పోయేనాటికి నాకు ముప్పై ఏళ్ళు. పిల్లలు లేరు. పదో తరగతి పాసయిన కాగితం ఒకటి ఉండేది కానీ దాన్ని చూసి పని ఇచ్చినవాళ్ళు లేరు. జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పనికి కుదిరి వచ్చేశాను. ఇంటి యజమాని భార్యను అందరిలాగే మామా అనేదాన్ని, ఆయన తల్లిని పెద్ద మామా అనేదాన్ని. నన్ను ఆ పెద్దామెకే అప్పగించారు. ఆమెకు మోకాళ్ళ నొప్పులూ కోపమూ రెండూ ఎక్కువే. పేరు పెట్టి పిలిచేది కాదు, రెండుసార్లు చప్పట్లు కొట్టేది. టీ ఇచ్చి రెండడుగులు వెనక్కి వేసి నిలబడాలి, తాగడం అయ్యాక ఆమె "ఖలాస్" అంటే గ్లాసు తీసుకుని వెళ్ళిపోవాలి. ఖలాస్ అంటే అయిపోయిందని. ఆ ఇంట్లో పని మొదలుపెట్టించే మాటలు వంద ఉండేవి, ముగించే మాట అదొక్కటే. నేను దాన్ని తప్పు పట్టడం లేదు, అన్నం పెట్టిన ఇల్లు అది. కానీ రాత్రి పడుకునేటప్పుడు ఈ రోజంతా నాతో మనిషి మాట్లాడినట్టు ఎవరు మాట్లాడారా అని వెతుక్కుంటే ఎవరూ దొరికేవారు కాదు.

మూడో ఏడు అనుకుంటాను, పెద్ద మామా మోకాళ్ళకు ఫ్రాన్సులో వేడినీటి బుగ్గలున్న ఒక చిన్న ఊళ్ళో ఆరు వారాలు వైద్యం చేయించాలని డాక్టరు చెప్పాడు. మిగతావాళ్ళంతా పారిస్‌లో ఉంటారట, ఆదివారం వచ్చి చూసి పోతారట, ఆ ఊళ్ళో ఉండేది మేమిద్దరమే. మామా చిన్నప్పుడు ఫ్రెంచి క్రైస్తవ సన్యాసినుల బళ్ళో చదువుకుంది. వంటింట్లో స్టూలు వేసుకుని మూడు మధ్యాహ్నాలు నాకు పాఠం చెప్పింది. పాలపొడి డబ్బా అట్ట చించి దాని వెనక తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. బిల్లు ఇప్పించండి అనడానికి "లదిస్యోఁ, సిల్ వూ ప్లే". చిల్లర మీరే ఉంచుకోండి అనడానికి "గార్దే లా మొనే". వాళ్ళు బొన్ జూర్నే అంటే మీకూ అలాగే అనడానికి "వూ జోసీ". అక్కడ డబ్బు ఇస్తే సరిపోదని, లోపలికి వెళ్ళగానే ఒక మాట, డబ్బు ఇచ్చేటప్పుడు ఒక మాట, వచ్చేసేటప్పుడు ఒక మాట చెప్పాలని, చెప్పకపోతే నిన్ను పెంపకం లేనిదానివనుకుంటారని మామా మరీ మరీ చెప్పింది. మా ఇంటి డ్రైవరు రాయచోటి సాయిబుల అబ్బాయి, నాకు తమ్ముడి లెక్క. నేను కూరగాయలు తరుగుతూ ఇవి వల్లె వేస్తుంటే గుమ్మంలో నిలబడి నవ్వేవాడు. "ఏమక్కా, ఫ్రాన్సుకు పోతాండావంట. దొరసాని అయిపోతివి, ఇంక మాతో యాడ మాట్లాడతావులే" అనేవాడు.

వల్లె వేసిందంతా మొదటి రోజే మరిచిపోయాను. రొట్టెల కొట్టుకు వెళ్ళి, అలవాటు ప్రకారం తల వంచుకుని, వేలితో రొట్టె చూపించి, డబ్బు బల్ల మీద పెట్టి, రొట్టె తీసుకుని గబగబా బయటికి నడిచాను. నాలుగడుగులు వేశానో లేదో కొట్టు ఆమె వెనకనుంచి గట్టిగా ఏదో అంది. ఇళ్ళలో పని చేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, మనల్ని వెనకనుంచి పిలిచారంటే ఏదో పోయి ఉంటుంది, అది మనం తీశామని అనుకుని ఉంటారు. గిర్రున వెనక్కి వెళ్ళి రొట్టె బల్ల మీద పెట్టి, రెండు అరచేతులూ విప్పి చూపించి, పర్సు కూడా బోర్లించాను. ఆమె తెల్లబోయింది. తర్వాత బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా చిల్లర ఏరి నా పర్సులో వేసి, రొట్టె నా చేతిలో పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా మళ్ళీ అదే మాట అంది. "ఓ రెవ్వార్, మదామ్. బొన్ జూర్నే." వెళ్ళి రండమ్మా, రోజు బాగా గడవాలి, అంతే ఆమె అన్నది. నన్ను మదామ్ అంది. మేమున్న గది దాకా ఏడుస్తూ నడిచాను. ఎందుకేడుస్తున్నావని పెద్ద మామా అడిగితే ఎండ అన్నాను.

పెద్ద మామాకు వేరే రకం పాఠం జరిగింది. చికిత్స అయ్యాక చెట్ల కింద ఒక కాఫీ హోటల్లో కూర్చునేవాళ్ళం. ఆమె సర్వరును పిలవడానికి అలవాటుగా చప్పట్లు కొట్టింది. అతను పక్క బల్ల తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఇంకా గట్టిగా కొట్టింది. కువైట్‌లో అయితే బకాలా, అదే చిల్లర కొట్టు ముందు కారు హారన్ కొడితే కొట్టువాడే సరుకు తెచ్చి కిటికీలో ఇస్తాడు, ఇక్కడ ఇంత దగ్గరగా చప్పట్లు కొట్టినా కదలడేమిటని ఆమెకు అర్థం కాలేదు. వీడికి చెవుడు అని తేల్చింది. నేను భయం భయంగా ఒక వేలు పైకెత్తి "లదిస్యోఁ, సిల్ వూ ప్లే" అన్నాను. అతను వెంటనే వచ్చాడు. చిన్న సాసర్లో చీటీ పెట్టి బల్ల మీద ఉంచి, రెండడుగులు వెనక్కి వేసి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మేం డబ్బు సాసర్లో పెట్టాం, అతను మెర్సీ అన్నాడు, బొన్ జూర్నే అన్నాడు, నేను వూ జోసీ అన్నాను, అప్పుడు లేచాం. పెద్ద మామా ఇదంతా కళ్ళు చిట్లించి చూసింది. నాలుగో రోజు నాకంటే ముందు తనే వేలు పైకెత్తింది.

అలా పదకొండు వేసవులు వెళ్ళాం. ఆరు వారాలు నేను మదామ్‌ని, మిగతా ఏడాదంతా చప్పట్లకు వచ్చే మనిషిని. అయితే రెండో ఏడు తిరిగి వచ్చాక ఒక విచిత్రం జరిగింది. జహ్రాలో ఒక మధ్యాహ్నం, ఇల్లంతా నిద్రలో ఉన్న వేళ, నేను ఇస్తికానా అనే చిన్న గాజు గ్లాసులో టీ పోసి, సాసర్లో మూడు ఖర్జూరాలు పెట్టి ఇచ్చి, వెనక్కి నిలబడ్డాను. తాగడం అయ్యాక ఖలాస్ అంటుందనుకున్నాను. ఆమె చుట్టూ ఒకసారి చూసి, ఒక వేలు పైకెత్తి, గొంతు తగ్గించి "లదిస్యోఁ" అంది. నాకు నవ్వాగలేదు. సాసరు ముందుకు జరిపాను. ఖర్జూరపు గింజ అందులో వేసి, మహారాణిలా "గార్దే లా మొనే" అంది. నేను తలవంచి "మెర్సీ, మదామ్, బొన్ జూర్నే" అన్నాను. ఆమె "వూ జోసీ, మదామ్" అంది. జహ్రాలో, ఆ ఇంట్లో, ఆమె నోటి నుంచి మదామ్ అన్న మాట నాకు వచ్చింది. ఆ రోజు నుంచి అది మా ఇద్దరి ఆట. మూడో మనిషి గదిలో ఉంటే ఆడేవాళ్ళం కాదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక్క గింజతో బిల్లు కట్టినందుకు నేను అలిగితే రెండో గింజ వేసేది. ఇలాంటి వేళాకోళాలు ఎన్ని ఆడామో లెక్క లేదు.

తర్వాత ఆమెకు మరపు వచ్చింది. మొదట కళ్ళద్దాలు, తర్వాత నమాజు వేళలు, తర్వాత కొడుకు పేరు. చదువుకున్న నర్సు కావాలన్నారు. నా వీసా మామా చెల్లెలి ఇంటికి మార్చారు. వెళ్ళే రోజు పెద్ద మామాకు చెప్పి వస్తానంటే మామా నా భుజం మీద చెయ్యి వేసి, చెబితే ఏడుస్తుంది, రెండు రోజులు అన్నం ముట్టదు, నిద్రలో ఉండగానే వెళ్ళిపో, అదే మంచిది అంది. మంచికే చెప్పింది. పందొమ్మిదేళ్ళ తర్వాత వంటింటి తలుపు గుండా పెట్టె పట్టుకుని బయటికి వచ్చాను. కారులో మా డ్రైవరు తమ్ముడు వెనక్కి తిరిగి అడిగాడు.

"చెప్పి వస్తివా అక్కా?"

"నిద్రపోతాంది."

"లేపి చెప్పాల్సింది కదక్కా. అన్నేండ్లు ఉంటివే."

ఫ్రాన్సులో రొట్టెల కొట్టు ఆమె గుర్తుకొచ్చింది. ఒక రొట్టె కొన్న మనిషినే ఊరికే వెళ్ళనివ్వలేదు ఆమె.

నాలుగు నెలల తర్వాత మామా ఫోన్ చేసింది. పెద్దామె టీ తాగాక రోజూ ఖర్జూరపు గింజ నర్సు చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, ముఖంలోకి చూస్తూ కూర్చుంటుందట. మాట రావడం లేదు. నర్సు గింజ పారేస్తే కొడుతుందట. కుర్చీలోంచి లేవమంటే లేవదట, సాయంత్రం దాకా అలాగే. ఇది ఏదైనా మొక్కా, పాత అలవాటా, నీకేమైనా తెలుసా అని అడిగింది. శుక్రవారం సెలవు, వస్తానన్నాను.

వెళ్ళాను. పెద్ద మామా చిక్కిపోయి ఉంది. నన్ను చూసింది, కొత్త నర్సును చూసినట్టు చూసింది. నా పేరు చెప్పాను, మా పాత ముచ్చట్లు గుర్తు చేశాను, ఏమీ లేదు. అప్పుడు వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టి, సాసర్లో మూడు ఖర్జూరాలతో తెచ్చి ఇచ్చి, రెండడుగులు వెనక్కి వేసి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నెమ్మదిగా తాగింది. ఒక ఖర్జూరం తిన్నది. వేలు కాస్త పైకి లేచింది, పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. సాసరు ముందుకు జరిపాను. గింజ అందులో వేసింది. "మెర్సీ, మదామ్. బొన్ జూర్నే" అన్నాను. ఆమె చాలాసేపు నా నోటి వంక చూసి, ఊపిరి వదిలినట్టు "వూ జోసీ" అంది. ఆ తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని తనంతట తానే లేవబోయింది.

నాలుగు నెలలుగా ఆమె రోజూ బిల్లు కట్టి లేవాలని చూసింది, వెళ్ళి రండని ఒక్క మాట చెప్పేవాళ్ళు లేక కూర్చుండిపోయింది. ఆ మాట చెప్పాల్సింది నేను. ఆ రోజు చెప్పాను, తనూ నాకు చెప్పింది, కానీ నేనెవరో తెలియకుండా చెప్పింది. ఆ మాటలు పుట్టిందే ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం కాబట్టి, ఆమెకు ముక్కూ మొహం తెలియనిదాన్నయ్యాక కూడా నాకు అందాయి. సంతోషించాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. నర్సుకు ఒక కాగితం మీద ఆ రెండు ముక్కలూ రాసిచ్చి, ఎలా నిలబడాలో చూపించి వచ్చాను. చలికాలంలో పెద్ద మామా పోయింది. చివరి వారం దాకా టీ తాగాక లేచేదని నర్సు చెప్పింది.

ఇప్పుడు బకాలా ముందు హారన్లు కూడా తగ్గాయి. సరుకు తెచ్చిన అబ్బాయి సంచి గుమ్మంలో పెట్టి దాని ఫోటో ఫోన్‌కు పంపి వెళ్ళిపోతాడు, తలుపు తీసేసరికి లిఫ్టు దిగిపోయి ఉంటుంది. నాతో ఉండే ఆరుగురూ చెవుల్లో ఫోన్ తీగలు పెట్టుకుని తెల్లవారకముందే బస్సులకు వెళ్ళిపోతారు, ప్లేట్లు మాత్రం సింకులో ఉంటాయి. తప్పు వాళ్ళది కాదు, ఎవరి అలసట వాళ్ళది. ఊళ్ళో మా అన్న కొడుకులు డబ్బు అందిందని బొటనవేలి బొమ్మ పంపుతారు, దానికి జవాబు ఏమనాలో నాకింకా తెలియలేదు.

ఆ శుక్రవారం యంత్రం దగ్గర్నుంచి వచ్చేస్తుంటే, మిగిలిన ఒక్క అమ్మాయి వరసలో పదిమంది నిలబడి ఉన్నారు. వచ్చే వారం నుంచి నేనూ అక్కడే నిలబడాలనుకున్నాను, నాకేం తొందర. ఇంటికి వచ్చి వంట ముగించి, సాయంత్రం టీ పెట్టుకున్నాను. ఫ్లాటులో ఎవరూ లేరు. ఒక ఖర్జూరం తిని, గింజ సాసర్లో వేసి, వెళ్ళి రండనే మాట కోసం కూర్చున్నాను. అలా కూర్చుంటే చీకటి పడింది.