వెనకాల చూపించమనే మా బావగారు

మా బావగారు, వ్యాసర్పాడి వడ్రంగి మేస్త్రి చెంగల్రాయాచారి గారు గత మంగళవారం ఉదయం కాఫీ తాగుతూ తాగుతూనే పరమపదించారు. ఆ దుర్వార్త విని దిగ్భ్రాంతి చెందాను. కాఫీకి వంక పెట్టకుండా ఆయన లేచి వెళ్ళడం నా ఎరుకలో ఇదే మొదటిసారి. సంఘ పత్రికవారు నాలుగు మంచి మాటలు రాయమన్నారు. బడిలో తెలుగు చెప్పినదాన్ని, మంచి మాటలకు నా దగ్గర కొదవ లేదు. ఆయనకు సరిపోయేవి ఏరడమే కష్టంగా ఉంది.

దారుకర్మలో ఆయన అద్వితీయుడు. నిజం కనుక ఈ మాట ముందే రాసేస్తున్నాను. మిద్దె మీద షెడ్డు వేస్తే, చూరు అంచున కొట్టే చెక్క పలకలకు కింద ఉండగానే నాలుగు పక్కలా రంగు వేయించేవారు. ఎవరికీ కనపడని వెనక పక్క రంగు లేకపోతే వాన నీళ్ళు అక్కడే తాగి పలక కుళ్ళిపోతుందని ఆయన సిద్ధాంతం. పనివాడు రంగు వేసిన పలక తెచ్చి నిలబడితే, "ముందర సంగతి నాకెందుకురా, వెనకాల చూపించు" అనేవారు. ఈ పరీక్ష పలకలతో ఆగేది కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, నేను పోసిన దోసెలన్నీ మాడిన పక్క దొరికేదాకా తిరగేసి చూసిన ధీమంతుడాయన.

మా ఆయన దాసు ఆయనకు తమ్ముడు, శిష్యుడు. జీవితంలో ఒక్కసారే, వాషర్‌మెన్‌పేట్‌లో ఒక షెడ్డు పని సొంతంగా ఒప్పుకున్నారు. మబ్బు పడుతోందని తొందరపడి, చివరి పలకకు వెనక రంగు వేయకుండానే పైకెత్తి మేకులు కొట్టేశారు. అన్నగారు పిలవకుండానే వచ్చారు. నిచ్చెనెక్కి, ప్రతి పలక వెనకా వేలు దూర్చి తడుముతూ పోయి, ఆ ఒక్కదాన్నీ ఊడబెరికి, ఇంటివాళ్ళందరి ముందూ తిరగేసి పట్టుకున్నారు.

"ఇదో చూడండి. వీడి బతుకంతా ఇట్టనే ఉంటాది" అన్నారు.

మిగతా పని తానే పూర్తి చేశారు. మా ఆయన సాయంత్రం దాకా కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డారు. ఆ తరువాత ఇన్నేళ్ళూ అన్నగారి కిందే పని చేశారు.

పోయిన నెల అన్నగారు తమ సొంత మిద్దె మీద షెడ్డు వేయించుకున్నారు. ఆయాసంతో నిచ్చెన ఎక్కలేక కుర్చీలో కూర్చున్నారు. మా ఆయన పలకలకు నాలుగు పక్కలా రెండేసి పూతలు వేసి, ఆరబెట్టి, ఒక్కొక్కటీ తిప్పి ఆయనకు చూపించి పైకెత్తారు. తల నెరిసిన మనిషి, చూపించిన ప్రతిసారీ బడిపిల్లాడిలా అన్న ముఖంలోకి చూసేవారు. అన్నగారు చెయ్యి ఊపేవారు, అంతే. నాకు కడుపు మండిపోయింది. మా ఆయన టీ తాగడానికి కిందికి దిగినప్పుడు, ఒక్క మంచి మాట అంటే మీ సొమ్మేం పోతుంది బావా అని అడిగేశాను. ఆయన నవ్వారు.

"పని నాకంటే బాగా చేస్తాడు మ్మా. ఆ మాట చెప్తే రేపే సొంతంగా పోతాడు. అప్పుడు నా ముందర పలక పట్టుకోని నిలబడేది ఎవురు?"

అన్నగారి చితి మీద పాలు పోసిన మర్నాడే టి. నగర్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, షెడ్డు వేసి పెట్టమన్నాడు. మా ఆయన తన వల్ల కాదన్నారు. "వెనకాల చూసేదానికి అన్న లేడే" అని నా దగ్గర వెక్కి వెక్కి ఏడ్చారు. ఏడుస్తున్న మనిషికి అన్నగారి మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఈ పుటలో అన్న ఫోటో ఉంటుంది కనుక, మా ఆయన పత్రిక రాగానే ముందు ఇదే చదువుతారని తెలుసు.

కీర్తిశేషులు చెంగల్రాయాచారి గారికి నా సాష్టాంగ ప్రణామాలు. ఆయన లోటు పూడ్చరానిది. పూడ్చడానికి ఎవరూ రాకపోతే మా ఇంటికి క్షేమం.

ఏమండీ, ఇంతదాకా చదివారు గదా. మీ అన్నగారు మీ గురించి అన్న మాట పైన ఉంది. ఇంకోసారి చదువుకుని, ఆ టి. నగర్ ఆయనకు ఫోన్ చేయండి.