సువార్తక్క నూరిన కొబ్బరి తొక్కు

సువార్తక్క ఇగ లేదు.

నిన్న పొద్దుగాల ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌ల బుకింగ్ కోసం చూస్తున్న. అక్క కొడుకు డేవిడ్ ఫోన్ చేసిండు. "యాదన్నా, అమ్మ చచ్చిపోయింది" అన్నడు.

"ఏం మాట్లాడుతున్నవ్‌రా, మొన్ననే కదా ఉల్లిగడ్డలు తక్కువ తెచ్చినవని నన్ను తిట్టింది!" అని వాని మీదనే ఒర్రిన.

హార్ట్ ఎటాక్ అట. నిద్రల్నే.

అప్పుడే బుకింగ్ వచ్చింది. క్యాన్సిల్ కొట్టి బండి అక్క ఇంటి దిక్కు తిప్పిన.

తెల్వనోళ్ల కోసం చెప్తున్న. సువార్తక్క నాకు చుట్టం గాదు. మా ఊరు గాదు, మా కులం గాదు. మాది కొత్తూరు దిక్కు, ఎవుసం చేసుకునే ఇల్లు. శంషాబాద్‌ల కిరాయికి ఉంటం, నేను క్యాబ్ నడుపుత. అక్క ఇక్కడ ఒక ప్రైవేట్ దవాఖానల ఆయాగ చేసేది.

కొన్నేండ్ల కింద ఆరాంఘర్ కాడ మా ఇంటామె అనిత స్కూటీని లారీ గుద్దింది. తలకాయకు దెబ్బ. సీదా అక్క పనిచేసే దవాఖానల ఐసీయూ.

మొదట్ల చుట్టాలు మస్తు వచ్చిండ్రు. తర్వాత నా ఫోన్ ఎత్తుడే బంద్ చేసిండ్రు.

నేను దవాఖాన మెట్ల మీదనే కూసునేది, ఆడనే పండేది. ఒకరోజు డ్యూటీ దిగి పోతూ అక్క నా ముంగట ఆగింది.

"ఏం తిన్నవ్ తమ్మీ?"

చాయ్ తాగిన అని చెప్పిన.

"చాయ్ తిండెట్ల అయితది? ఆదివారం మా ప్రార్థన కాడికి రా, అన్నం పెడుత."

మనకు నోరు ఆగదు గదా. "అన్నం పెట్టి మతం మారమంటరా?" అని మొఖం మీదనే అడిగిన.

అక్క నవ్వింది. "అది నువ్వూ దేవుడూ చూసుకోండ్రి. నా పని అన్నం పెట్టుడు. ఆకలైతే రా, లేకుంటే మానెయ్" అన్నది.

ఆకలైంది. పోయిన.

రేకుల షెడ్డు. గుమ్మం కాడ ప్లాస్టిక్ కుర్చీ ఏసుకొని అక్క కూసుంది. వచ్చినోళ్లను "వందనాలు" అనుకుంట చెయ్యి పట్టుకొని లోపటికి తోల్కపోతున్నది. నన్ను గూడ గట్లనే తోల్కపోయింది. ఇద్దరు ముగ్గురు నా బొట్టు దిక్కు చూసిండ్రు. అక్క వాళ్ల దిక్కు చూసింది. మల్ల ఎవ్వరు చూడలె.

ప్రార్థనల అక్క లేచి "ఈ తమ్ముని భార్య అనిత ఐసీయూల ఉన్నది" అని చెప్పింది. అందరు మోకాళ్ల మీద కూసోని, అనిత పేరు పెట్టి ఏడ్చుకుంట ప్రార్థన చేసిండ్రు. ఆమెను ఒక్కసారి గూడ చూడనోళ్లు. మా సొంతోళ్లు ఫోన్ ఎత్తని టైంల.

నాకు ఏడుపు ఆగలె. యాక్సిడెంట్ అయినంక గప్పటిదాంక నేను ఏడ్వనే లేదు.

కొన్ని రోజులకు అనిత కండ్లు తెరిచింది. డాక్టర్లా, ప్రార్థననా అని నన్ను అడగకుండ్రి. నేనైతే ఇద్దరికీ దండం పెట్టిన.

ఇగ మనకు తెల్సిందేంది? మొక్కు తీర్చాలె. ఆదివారం పొద్దుగాల తలస్నానం చేసి, కొబ్బరికాయ, అగర్‌బత్తులు పట్టుకొని పోయిన. షెడ్డు గుమ్మం కాడ "యేసయ్యా, నీ దయ" అని ఫట్‌మని కొట్టిన!

లోపట పాట ఆగింది. డోలక్ ఆగింది.

సంఘపెద్ద ఒకాయన ఉరికొచ్చి "ఏందిది? ఇదేమన్న గుడి అనుకున్నవా?" అని లొల్లి షురూ చేసిండు. నేనేం తప్పు చేసిన్నో నాకు సమజ్ అయితలేదు. కొబ్బరినీళ్లు కాళ్ల మీద కారుతున్నయ్. ఇగ ఈడికి గూడ నన్ను రానియ్యరు అనుకున్న.

అక్క కుర్చీల నుంచి లేచింది. రెండు చిప్పలు కొంగుల ఏసుకుంది.

"ఈ పిల్లగాడు థ్యాంక్స్ చెప్పనీకి వచ్చిండు. వానికి తెల్సిన తీరుల చెప్పిండు. దేవునికి సమజైంది, నీకెందుకు కాలే అన్నా?"

సీదా పోయి పచ్చిమిరపకాయలు, చింతపండు ఏసి రోట్ల నూరింది. ఆ దినం ప్రార్థన అయినంక పెట్టే ప్రేమవిందుల అందరికీ కొబ్బరి తొక్కు. సంఘపెద్దకు నాతోనే వడ్డిపిచ్చింది. ఆయన రెండోసారి గూడ ఏపిచ్చుకుండు!

అనిత ఇప్పుడు జర కుంటుతది. మాట జర లేట్‌గ వస్తది. నాతోని కొట్లాటకైతే ఏం తక్కువ లేదు.

తర్వాత మేమిద్దరం బాప్తిస్మం తీస్కున్నం. తీస్కోమని అక్క ఒక్కరోజు గూడ అడగలె. అందుకే తీస్కున్నం.

ఇయ్యాల పొద్దుగాల అక్కను సమాధి చేసినం.

మట్టి ఏసి మర్లి వస్తుంటే వెనుక ఎవరో అంటున్నరు. "ఇగ ఆదివారం వంట ఎవరు చేస్తరు? బంద్ పెడుదం. ఎవరెవరో తెల్వనోళ్లు వచ్చి తినిపోతున్నరు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. అక్క మీద మట్టి ఇంక ఆరనే లేదు!

ఆడనే నిలబడి చెప్పిన. ఈడ గూడ రాస్తున్న, రేపు మాట తప్పితే ఇదే పోస్ట్ నా మొఖం మీద కొట్టండ్రి.

అన్నం బంద్ కాదు.

ఆదివారం నా బండి రోడ్డెక్కదు. కూరగాయలు నేను తెస్త. అనిత కూసోని కోస్తది. వంట రాకుంటే నేర్చుకుంట. తెల్వనోళ్లు వస్తున్నరంటే రానియ్యండ్రి, నేను గూడ తెల్వనోన్నే కదా వచ్చింది.

ముందుగాల నోరు తెరిచింది ఎవరో తెల్సా? ఆ సంఘపెద్దనే. "బియ్యం నేను తెస్త యాదగిరీ" అన్నడు. ఆయన కండ్లల్ల నీళ్లు.

అక్కా, నీ కుర్చీ గుమ్మం కాన్నుంచి ఎవ్వరు తియ్యరు. ఈ ఆదివారం దాంట్ల నేను కూసుంట.

నా లెక్క ఎవరన్న కొబ్బరికాయ పట్టుకొని వస్తే, కొట్టనిస్త. రోలు కడిగి పెట్టిన.

ఇగ నువ్వు ప్రభువు కాడ నిమ్మలంగ కూసో. జర ఆడ ఉన్నోళ్లను నీకు వడ్డించనియ్యి.

వందనాలు అక్కా.