ఏడు చుక్కల సున్నం

దోమకాటుకు రాసే గులాబీరంగు మందు సీసా ఒకటి మా ఇంట్లో ఫ్రిజ్ పైన ఎప్పుడూ ఉంటుంది. మూత తీసినప్పుడల్లా తడి ఆరని సున్నపు గోడ వాసన వస్తుంది. మిగిలినవాళ్లకు వస్తుందో లేదో తెలియదు. పిడుగురాళ్ల పక్క పల్లెలో, సున్నపు బట్టీల పొగ కింద పెరిగిన నాకు మాత్రం వస్తుంది.

ఆ రోజుల్లో మా కంటికి అన్నీ తెల్లగానే ఉండేవి. రోడ్డు వెంట తుమ్మచెట్లు, దండెం మీద ఆరేసిన చీరలు, లారీ వెళ్లిపోయాక గేదెల వీపులు, బట్టీలో పనిచేసి వచ్చిన నాన్న కనుబొమలు. వానలు పడ్డాక మాత్రం ఆ తెలుపు కాస్త కడుక్కుపోయి, రాయి తవ్వి వదిలేసిన గుంతల్లో నీళ్లు నిలిచేవి. నాయనమ్మ తిరగలి ముందు కూర్చుని వినాయకుడి ఉండ్రాళ్లకు బియ్యపు రవ్వ విసిరే వేళకు ఆ గుంతల్లోంచి దోమలు లేచి ఊరి మీద పడేవి. సందెదీపం పెట్టగానే అమ్మ కుంపట్లో వేపాకు వేసి ఇల్లంతా పొగ తిప్పేది. ఆ పొగకు మేం దగ్గుతూ అరుగు మీదికి వస్తే దోమలు కూడా మాతోపాటే అరుగు మీదికి వచ్చేవి.

బడికి వెళ్లాలంటే లారీల రోడ్డు దాటాలని నాన్న నన్ను పంపలేదు. చేటలో బియ్యం పోసి వేలితో దిద్దించి నాకు అక్షరాలు నేర్పింది నాయనమ్మే. నాకంటే నాలుగేళ్లు చిన్నదైన చెల్లెలు కోటేశ్వరి నాటికి మా వైపే బడి వచ్చింది. ఎలా వచ్చినా అక్షరం వచ్చింది, అందుకు ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను.

దోమ కుట్టిన చోటుకు నాయనమ్మ వైద్యం ఒక వరసలో సాగేది. ముందు కుండలోని చన్నీళ్లతో తడిపిన గుడ్డ వేసేది. తరువాత దద్దురు మీద గోటితో ఇంటూ గుర్తు నొక్కేది. అప్పటికీ తగ్గకపోతే తన ఆకువక్కల డబ్బా తీసి, తమలపాకు తొడిమతో ఒక్క చుక్క సున్నం పెట్టేది. "గోకమాకే, గోకేకొద్దీ ఇంకా అడుగుద్ది" అనేది. ఆ పని అయ్యాక తులసికోట దగ్గర కళ్లు మూసుకుని రామనామం అనుకునేది. అనుకుంటుండగా ఆమె చెంపల మీద నీళ్లు కారేవి. ఎందుకు ఏడుస్తున్నావని ఒకసారి అడిగాను. "ఏడుపు కాదే పిచ్చిదానా, భక్తి" అంది.

నాకు పదకొండేళ్లప్పుడు, చవితి వెళ్లిన వారానికి, నాయనమ్మ చుట్టాలను చూడటానికి పొద్దున్నే బస్సెక్కి కారంపూడి వెళ్లింది. ఆకువక్కల డబ్బా, జపమాల ఆమెతోనే వెళ్లాయి. అమ్మ మిరప చేలో కలుపుకు పోయింది. కోటి అరుగు మీద కూర్చుని ఎడమకాలు ఎర్రబడేలా గోక్కుంటోంది.

"అక్కా, దురదే. చానా దురదే."

దసరాకు గోడలకు వేయడానికి నాన్న తెచ్చిన బట్టీ సున్నం వసారా మూలన గోతంలో ఉంది. సున్నం మధ్యే పుట్టి పెరిగినదాన్ని, నాకు సున్నమంటే ఒకటే. చిన్న గడ్డ తీసి చిప్పలో వేసి నీళ్లు చిలకరించాను. అది బుసబుసమని పొంగింది. ఆకులోకి వాడే సున్నం నీళ్లలో ఎన్నో రోజులు నాని చల్లారినదని నాకు తెలియదు. వెచ్చగా ఉంటే ఇంకా మంచిదనుకుని, దాని పాదం మీద, చీలమండ చుట్టూ ఏడు చుక్కలు పెట్టాను.

"కళ్లు మూసుకుని రామా రామా అని నూటెనిమిది సార్లు అను. మధ్యలో కదిలావంటే మందు పనిచెయ్యదు."

"మండుతుందక్కా."

"మండితేనే తగ్గుద్ది. దేవుడి పేరు సగంలో ఆపకూడదు."

కోటి వేళ్లు మడుచుకుంటూ అనడం మొదలుపెట్టింది. కాసేపటికి మూసిన కళ్లలోంచి నీళ్లు కారాయి. నేను భక్తి అనుకున్నాను. ఇన్నాళ్లుగా నాకు రానిది ఏడేళ్లదానికి వచ్చిందని కాస్త అసూయ కూడా పడ్డాను.

మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చిన నాయనమ్మ కోటి కాలు చూసి సంచి గుమ్మంలోనే పడేసి, పిల్లను ఎత్తుకుపోయి తొట్టి దగ్గర కూర్చోబెట్టి చెంబు తరవాత చెంబు నీళ్లు పోసింది. పోస్తూనే అడిగింది.

"ఎవరే పూసింది?"

కోటి నా వంక చూసింది. "నేనే నాయనమ్మా. దురదేసింది."

"బట్టీ సున్నం ఏందే, ఆకు సున్నం ఏందే, ఆ మాత్రం తెలవదంటే నీకు? కాలు కాలిపోయిందిగా."

నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. దసరా దాకా కోటి కాలికి గుడ్డ కట్టే ఉంది. ఆ ఏడు అది తొక్కుడుబిళ్ల ఆడలేదు. తరువాత ఎన్నో ఏళ్లు పూజలో కూర్చున్నప్పుడల్లా, దేవుడి పేరు చెప్పి దాన్ని కదలకుండా కూర్చోబెట్టింది నేనేనన్నది ముందుగా గుర్తొచ్చేది. అది నన్ను పట్టివ్వనందుకు చెప్పుకోవలసిన మాట మాత్రం దేవుడికే చెప్పుకున్నాను, దానికి చెప్పలేదు.

కోటి నర్సు అయి, నరసరావుపేటలో చాలాకాలం పనిచేసింది. దోమ రక్తం పీల్చేటప్పుడు తన ఉమ్మిని మన ఒంట్లోకి దింపుతుందని, ఒళ్లు దాన్ని పరాయిదని పసిగట్టి అక్కడికి రక్తం తోలుతుందని, ఆ పోరాటమే దద్దురూ దురదా అని నాకు చెప్పింది అదే. చల్లటి గుడ్డ సరిపోతుందట. గోళ్లు కత్తిరించుకుని, గోకకుండా ఉంటే దానంతట అదే తగ్గుతుందట. సున్నం జోలికి అసలు పోవద్దట.

పోయిన నెలలో మా ఇంటికి వచ్చినప్పుడు నా మనవరాలు కాలు గోక్కుంటుంటే, కోటి తడిగుడ్డ తెచ్చి కింద కూర్చుంది. చీర కుచ్చిళ్లు కాస్త పైకి జరిగాయి.

"చిన్నమ్మమ్మా, ఆ తెల్ల మచ్చలేంటి?"

"దోమలు కుట్టినయ్యే. గోక్కున్నా. నువ్వూ గోకితే ఇట్టాగే అవుతయ్యి."

ఇన్నేళ్ల తరువాత కూడా అదే మాట, అంత తేలిగ్గా. నేను చేతిలోని మందు సీసా కింద పెట్టి, "కాదమ్మా. అది గోక్కున్నది కాదు. నేను బట్టీ సున్నం పూశాను" అన్నాను.

మనవరాలు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కోటి నవ్వింది.

"ఇప్పుడు చెప్తున్నావా అక్కా. నేను కదల్లేదు చూడు, అదీ విషయం. నలభై దాకా వచ్చి లెక్క మర్చిపోయేదాన్ని. మర్చిపోతే మందు పనిచెయ్యదేమోనని మళ్లా మొదట్నుంచీ అనేదాన్ని."

"ఎన్నిసార్లు?" అన్నాను.

"మూడు."

మా వీధి గోడలకిప్పుడు సున్నం ఎవరూ వేయరు, అన్నీ రంగులే. నాయనమ్మ ఆకువక్కల డబ్బా ఎవరి వాటాకు పోయిందో తెలియదు. తడిగుడ్డ అప్పటికే వెచ్చబడింది. దాన్ని కోటి చేతిలోంచి తీసుకుని, కుళాయి కింద మళ్లీ తడిపి తెచ్చాను. తెచ్చి, దోమ కుట్టిన మనవరాలి కాలి మీద కాక, ఆ ఏడు మచ్చల మీద వేశాను. కోటి కదలకుండా కూర్చుంది.