జుర్మానా సారా

మా ముత్తాత మూడు ఊళ్ళకు మాలీపటేల్. శిస్తు వసూలు ఆయన చేతి మీదుగా జరిగేది. మా తాత పోలీసు పటేల్. ఆయన గుర్రం మీద వస్తుంటే దారిలో ఉన్నవాళ్ళు చెప్పులు విడిచి చేత్తో పట్టుకునేవారు. అది మంచిదని చెప్పను. ఉన్నమాట రాస్తున్నాను. వాగు ఒడ్డున మాకొక తాటివనం ఉండేది. గీసిన కల్లులో మొదటి కుండ ప్రతిరోజూ మా గడపకు రావాలని తాత పెట్టిన రివాజు.

మా నాయన కాలానికి భూములన్నీ ఓపెన్‌కాస్టు గని కిందికి పోయాయి. వాగు అవతల ఉన్నందుకు వనం ఒక్కటే మిగిలింది. పోయిన భూమికి బదులుగా ఆయనకు గోదావరిఖనిలో బొగ్గు నింపే పని దొరికింది. తట్టా, చెమ్మస్ అనే పారా పట్టుకుని బొగ్గు టబ్బులు నింపేవాడు. ఒకప్పుడు మా ఇంట్లో పాలేర్లుగా జీతం ఉన్నవాళ్ళ కొడుకులు అదే షిఫ్టులో ఆయన పక్కనే నింపేవారు. గీసేవాడు మాత్రం సైకిల్ మీద మొదటి కుండను మా క్వార్టర్ దాకా తెచ్చేవాడు. నాయనకు అది చాలేది కాదు. సారా దుకాణానికీ పోయేవాడు.

అక్కడ ఒకసారి ఆ కొడుకుల్లో ఒకడు, “పటేలా, జర జరుగు, నేను గూడ గూసుంట” అన్నాడు. నాయన, తాత వదిలిపోయిన చేతికర్రతో వాడి తల పగలగొట్టాడు. పక్కనున్నవాళ్ళు నాయన ముఖాన్ని బల్లకేసి కొట్టారు. ముందుపళ్ళు రెండు పోయాయి. నోటి నిండా రక్తంతో ఇంటికి వచ్చి, అదే కర్రతో అమ్మను కొట్టాడు. అమ్మ తలుపు చట్రం పట్టుకుని నిలబడింది గాని కేక పెట్టలేదు. పటేల్ ఇంటి ఆడది కేక పెట్టకూడదు. చుట్టూ క్వార్టర్ల తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

నేను అప్పుడు పదో తరగతి. కర్ర పట్టుకోబోతే నా కుడిచెవి మీద కొట్టాడు. ఆ చెవి ఇప్పటికీ సరిగా వినదు. కాసేపటికి ఆయనే గిన్నెలో కల్లు పోసి నా ముందు పెట్టాడు.

“ఏడువకు. తాగు. మన వనం కల్లిది. గా సారా తాగేటోళ్ళు వేరే, మనం వేరే.”

తాగాను. చెవి నొప్పి తగ్గింది.

ఆయన రక్తం కక్కుకుని దవాఖానలో పోయాడు. ఉద్యోగం నాకు వచ్చింది. అప్పటికే ఆయనతో సమానంగా తాగేవాణ్ణి. ఎవరేమన్నా ఒకటే జవాబు, “మా నాయిన నేర్పిండు.” అందరూ ఒప్పుకునే జవాబు అది. దాని చాటున చాలా ఏళ్ళు బతికాను.

నా భార్యది మందమర్రి. ఒక పొద్దున నేను రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి ఆమె వనం కుండను మోరీలో కుమ్మరించి, ఖాళీ కుండను గోడకు బోర్లించింది.

“ఏమైంది కల్లు?” అన్నాను.

“మోరి తాగింది. నీకంటె నయం, తాగి ఎవలను కొట్టది.”

మేకుకు ఉన్న కర్ర తీశాను. ఆమె ముఖానికి అడ్డంగా ఎడమ చెయ్యి పెట్టుకుంది. ఎముక విరిగిన చప్పుడు నా మంచిచెవికి స్పష్టంగా వినిపించింది. విన్న తర్వాత కూడా కొట్టాను.

ఆ ఆదివారం ఆమె తల్లి, అన్నలిద్దరు వచ్చారు. క్వార్టర్ల మధ్య నీళ్ళ ట్యాంకు కింద పంచాయితీ కూర్చుంది. చేతికి పిండికట్టుతో ఆమె తన తల్లి పక్కన, ఎడంగా కూర్చుంది. సాక్ష్యానికని మా కర్రను తెచ్చి నడుమ పడేశారు.

కాలనీ పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. “తండ్రిని సూసినం, కొడుకును సూస్తున్నం. రక్తం గసొంటిది. పిలగాడు కొట్టలె, మందు కొట్టిపిచ్చింది. జుర్మానా కడుతడు. బావ బామ్మర్దులు ఒక్క గిలాసల తాగుతరు. అయిపాయె.”

మా దగ్గర పద్ధతి అదే. జుర్మానా కింద సారా తెప్పిస్తారు. రెండు పక్షాలూ ఒకే గ్లాసులో తాగితే తగాదా తెగినట్టు. తాగి కొట్టినవాడికీ అదే శిక్ష. అది వింతగా ఉందని ఎవరికీ తోచలేదు. వేరేవాళ్ళ పంచాయితీల్లో నేనూ కూర్చుని తాగినవాణ్ణే.

ప్యాకెట్ల సంచి వచ్చింది. ఒకరు మూల కొరికి గ్లాసులో వంపారు. చిన్న బావమరిది, “పటేల్ల జుర్మానా తాగుడు మా తాతలకు గూడ దొరకలె” అంటే అందరూ నవ్వారు. గ్లాసు నా చేతికి ఇచ్చారు.

నేను తాగితే సాయంత్రానికి ఆమె నా క్వార్టర్‌కు రావాలి. తీర్పు అది. ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె నా వంక చూడటం లేదు, గ్లాసు వంక చూస్తోంది. వాసన నా ముక్కులోకి వస్తోంది.

గ్లాసు కింద పెట్టాను.

“మా నాయిన సచ్చిపోయిండు. ఆయన లేసచ్చి కొట్టలె. నేను కొట్టిన. ఎముక ఇరిగిన సప్పుడు ఇని గూడ కొట్టిన.”

“గదంత ఎందుకు పటేలా, తాగుతవా లేదా?” అన్నాడు పెద్దమనిషి.

“తాగ.”

పెద్ద బావమరిది లేచాడు. “మాతోని తాగనీకి నామోషా? ఇంక గుర్రం మీదనే ఉన్న అనుకుంటున్నవా?”

మా కర్రతోనే కొట్టాడు. మొదటి దెబ్బకు మెడకింది ఎముక విరిగింది. చిన్నవాడు డొక్కలో తన్నాడు. నా చేతికింద ఇటుక ముక్క తగిలింది. దాన్ని పట్టుకున్నాను. చిన్నవాడి మోకాలు అందేంత దూరంలోనే ఉంది. నాకు చేతకాక కాదు. వదిలేశాను.

“ఇగ సాలు అన్న,” అంది నా భార్య. “ఆయన సస్తె నాకేమొస్తది?” తర్వాత నాతో అంది, “తాటివనం అమ్ము. కుండ వచ్చుడు బందైతె వస్త. అప్పటిదాక రాను.”

ఇంకేది అడిగినా ఇచ్చేవాణ్ణి. నన్ను పటేలా అని పిలవడానికి మిగిలిన ఆధారం ఆ వనమే. “అది తప్ప” అన్నాను. ఆమె అన్నలతో మందమర్రి బస్సెక్కింది.

విరిగిన ఎముకకు కట్టు కట్టించుకోను చేరిన దవాఖానలో, మందు లేక ఒళ్ళంతా వణికింది. గోడల మీద చీమలు బారులు కట్టినట్టు కనిపించాయి. మంచానికి కట్టబోయిన వార్డుబాయ్ చెయ్యి కొరికాను. అదీ దాటింది. మందు ముట్టకుండా ఇంటికి వచ్చాను. మర్నాడు రివాజు ప్రకారం గీసేవాడు మొదటి కుండ గడపలో పెట్టి పోయాడు. మధ్యాహ్నం దాకా దాన్ని చూస్తూ కూర్చుని, తాగాను. కొట్టడానికి ఇంట్లో ఎవరూ లేక వంటింటి తలుపు పగలగొట్టాను.

ఆ కుండను మా నాయన పంపలేదు. నేను వద్దనలేదు కనుక వచ్చింది.

తాటివనాన్ని ఆ ఎండాకాలంలో ఇటుకబట్టీల ఆసామికి, చెట్లతో సహా అమ్మాను.