మా మరదలి ఫారం మీద ఎర్రగీత

ఈ ఉదయం వరకు నన్ను మోసుకొచ్చిన దేవునికి స్తోత్రం. నోరిచ్చినవాడు ఆయన. ఆ నోటితో నేను తప్పు సలహాలు చెప్పిన రోజుల్లో కూడా దాన్ని మూయించకుండా ఓర్చుకున్నవాడు ఆయన. మహిమంతా ఆయనకే. ఈ మాట ముందుగా అనకపోతే నాకు రాయడానికి చెయ్యి సాగదు.

నిన్న ఆఫీసులో అందరికీ వచ్చినట్టే నాకూ ఆ ఈమెయిలు వచ్చింది. ఏడాదికోసారి వస్తుంది. ఎంగేజ్‌మెంట్ సర్వే అంటారు. చేసే పనిలో మన మనసు ఎంత ఉందో, ఆ పని చేయగలమన్న నమ్మకం మనకెంత ఉందో అడుగుతారు. ఒక్కో ప్రశ్న కింద ఐదు గుండ్రటి సున్నాలుంటాయి, ఒకదాని మీద నొక్కాలి. ఎప్పుడూ రెండు నిమిషాల్లో పూర్తిచేసి కాఫీకి లేచేవాణ్ణి. నిన్న మాత్రం మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. “నా పని నేను బాగా చేయగలనన్న నమ్మకం నాకుంది.” ఎంతసేపు చూసినా నాకక్కడ ఐదు సున్నాలు కనబడలేదు. ఆరేళ్ళ కిందట సింగపూరు బెడోక్‌లో మా ఇంటి భోజనాల బల్ల మీద పరిచిన నాలుగు కాగితాలు, నా చేతిలోని ఎర్ర పెన్ను, ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్న మా మరదలు కనబడ్డారు.

మరదలంటే నా భార్యకి చిన్నాన్న కూతురు. కాకినాడ పిల్ల. మా ధైర్యం మీదనే వాళ్ళ నాన్న ఆమెను సింగపూరు పంపాడు. క్లెమెంటిలో ఒక గది అద్దెకు తీసుకుని, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేది. కొత్తగా తయారైన ప్రోగ్రామును జనం వాడకముందే అందులో తప్పులు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. అది ఉద్యోగమనడం కంటే ఆమె స్వభావమంటే సరిపోతుంది. మా ఇంటికొస్తే గోడ గడియారం రెండు నిమిషాలు వెనకబడిందని చెప్పులు విప్పుతూనే చెప్పేది. కూరలో ఉప్పు రెండుసార్లు పడిందని వాసన చూసి చెప్పేది. “నిన్ను చేసుకునేవాణ్ణి ప్రభువే కాపాడాలి,” అని మా ఆవిడ అంటే, “ముందు ఒక టెస్ట్ వెర్షన్ పంపమనక్కా, చూసి చెప్తాను,” అనేది.

ఆదివారం సాయంత్రాలు మా తెలుగు క్రైస్తవ సహవాసం ఇంకో సంఘంవాళ్ళు దయతో ఇచ్చిన హాల్లో జరుగుతుంది. అప్పటికి నేను అక్కడ పెద్దల్లో ఒకణ్ణి, అప్పుడప్పుడు బైబిలు వాక్యం చెప్పేవాణ్ణి. పాటల అక్షరాలు తెర మీద వేసే పని మా మరదలిది. మా సంఘంలోనే ఒక అన్న సొంతంగా పాట రాసుకొచ్చాడు. అందులో “నా పాపములు కడిగావయ్యా” అనే చరణం టైపు చేసేటప్పుడు ఒక అక్షరం ఎగిరిపోయి “నా పాములు కడిగావయ్యా” అయింది. ఆరాధన మొదలవడానికి ఐదు నిమిషాల ముందు ఆమె దాన్ని పట్టుకుంది. ఆ అన్న వచ్చి దండం పెట్టినంత పనిచేశాడు. ఆ రోజు టీ తాగుతూ ఆమె ఎంత నవ్విందో! ఆ నవ్వులో గర్వం లేదు. తనకు చేతనైన పని ఒకటుందని తెలిసినవాళ్ళ నవ్వు అది. నాకు ఆ తేడా అప్పట్లో తెలియదు.

ఒక శనివారం ఆమె మా ఆవిడకి ఫోన్ చేసి, “అక్కా, ఎంగేజ్‌మెంట్ విషయం బావగారితో మాట్లాడాలి, సాయంత్రం వస్తున్నా,” అని పెట్టేసింది. మా ఆవిడ ఇంకేమీ అడగలేదు. సేమ్యా పాయసం కాచింది. నాకు ఇస్త్రీ చొక్కా వేయించింది. కాకినాడకి ఫోన్ చెయ్యబోతుంటే నేనే ఆపాను. మరదలు లోపలికి రాగానే, “ఎవరే అబ్బాయి? మన సంఘమేనా?” అని చేతులు పట్టుకుంది. ఆమె తెల్లబోయి, సంచిలోంచి కాగితాలు తీసి, “అబ్బాయి కాదక్కా, ఫారం!” అంది. ఆ ఎంగేజ్‌మెంట్ ఇదీ అని అర్థమయ్యేసరికి మా అమ్మాయి నేల మీద దొర్లి నవ్వింది. పాయసం మాత్రం అందరం తిన్నాం.

ఆ ఫారంలో రెండు భాగాలు. మొదటిది పని మీద మనసెంత ఉందో చెప్పేది. రెండోది ఆ ఏడాది ఏం సాధించామో రాసి, మనకు మనమే ఐదుకు ఎంతో వేసుకునేది. ఆ సంవత్సరం వాళ్ళ కంపెనీలో కొందరిని తీసేస్తారని మాట పుట్టింది. ఉద్యోగం పోతే ఆమె ఇక్కడ ఉండి పనిచేసుకునే పాసూ పోతుంది, దేశం విడిచి వెళ్ళాలి. అందుకే జాగ్రత్తగా రాసి, ఇంగ్లీషు ఒకసారి చూడమని నాకు తెచ్చింది. ఇంగ్లీషు బాగానే ఉంది. ప్రతి వాక్యమూ ‘ఐ’తో మొదలవడమే నాకు నచ్చలేదు. నేను కనిపెట్టాను, నేను ఆపించాను, నేను నేర్పించాను. ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉన్నవాళ్ళని ఒక బ్యాంకు ప్రోగ్రాము లోపలికి రానివ్వడం లేదని ఆమె కనిపెట్టి, దాన్ని రెండు రోజులు విడుదల కాకుండా ఆపించిందట. చివర తనకు తాను నాలుగు వేసుకుంది. మనసు పెట్టి చేస్తున్నావా అన్నచోట ఐదు.

“ఏంటమ్మా ఇన్ని ‘ఐ’లు?” అన్నాను.

“నేనే కదండీ బావగారూ చేసింది. ఇంకెవరని రాయను?”

“చేసింది నువ్వు, చేయించింది ఎవరు? తగ్గించుకుంటే పైకెత్తడం ఆయన చూసుకుంటాడు. మనసంతా ఐదుకి ఐదు కంపెనీకే ఇచ్చేస్తే ప్రభువుకి ఏం మిగిలినట్టు?”

“మా మేనేజరు ఆత్మవిశ్వాసం కనబడేలా రాయమందండీ.”

అది లోకం మాట అన్నాను. మనకు విశ్వాసం ఒక్కటి చాలన్నాను. ఆమె కొంచెం నవ్వుతూ అడిగింది: “ఆత్మవిశ్వాసం అంటే పరిశుద్ధాత్మ ఇచ్చే విశ్వాసం అని ఎందుకనుకోకూడదు బావగారూ?”

ముప్పై ఏళ్ళు వాక్యం చదివినవాణ్ణి. ఆ ప్రశ్నకి జవాబు లేకపోయేసరికి, “వాక్యంతో ఆటలాడకూడదమ్మా,” అన్నాను. ఆమె తల దించుకుంది. నేను పెన్ను తీసి ‘ఐ’లన్నీ కొట్టుకుంటూ పోయాను. నిలువుగా నిలబడ్డ ఆ అక్షరం మీద ఎర్రగా అడ్డగీత గీస్తే ప్రతిచోటా చిన్న సిలువలా కనబడింది. అప్పుడు నాకది శుభసూచనగా తోచింది. బ్యాంకు విషయం “దేవుని కృపవల్ల, అందరి సహకారంతో ఒక చిన్న లోపం బయటపడింది” అయింది. నాలుగు రెండయింది. ఐదు మూడయింది. పక్కనుంచి చూస్తున్న మా అమ్మాయి ఊరుకోలేదు. “డాడీ, ఇది టెస్టిమొనీ కాదు లా, అప్రైజల్. అన్నీ కట్ చేసేస్తే పిన్నికేం మిగిలింది?” అంది తన సింగపూరు యాసలో. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో రావద్దని కసిరాను. మరదలు కాగితాలు సర్దుకుంటూ, “నిజమేలెండి బావగారూ. నాదేముంది,” అంది. ఆ మాట విని ఎంత సంతోషించానో! ఆ ఆదివారం వాక్యం చెబుతూ, పేరు చెప్పకుండా, ఒక చెల్లి తనను తాను ఎలా తగ్గించుకుందో ఉదాహరణగా కూడా చెప్పాను.

వాళ్ళ మేనేజరు ఇక్కడి చైనీసావిడ. మరదలంటే ఇష్టపడేది. ఆ ఫారం చేతిలో పట్టుకుని ఆమెను గదిలోకి పిలిచి అడిగిందట: “నీకు నువ్వే రెండు వేసుకున్నావు. నాలుగు అని పైవాళ్ళతో నేనెలా పోట్లాడేది? పని మీద మనసు లేదా?” అప్పటికైనా నోరు విప్పి చెప్పి ఉండాల్సింది. ఆమె మాత్రం, “అంతా దేవుని దయ మేడమ్,” అందట. దేవుని పని దేవుడు చేశాడు, నీ పని ఏదీ అని ఆవిడ అడిగిందట. మూడు నెలలు గడువిచ్చి, పని మెరుగుపరుచుకోమన్నారు.

మెరుగుపడలేదు. కాగితం మీద తగ్గించినది కాగితం మీదే ఉంటుందనుకున్నాను. అది మనిషిలోకి దిగింది. ఒకసారి చూసి ఇది తప్పు అని చెప్పగలిగిన పిల్ల నాలుగుసార్లు చూసి, పక్కవాళ్ళని అడిగి, అయినా చెప్పలేకపోయేది. పట్టుకున్న లోపాన్ని తానే పొరబడ్డానేమోనని రాయకుండా వదిలేసేది. అవే తర్వాత బయటపడేవి. ఇవన్నీ ఆమె మా ఆవిడతో చెప్పుకుని ఏడ్చేది. నాతో మాత్రం, “ప్రార్థన చేయండి బావగారూ,” అనేది. చేసేవాణ్ణి, మోకాళ్ళు నొప్పెట్టేదాకా చేసేవాణ్ణి. ఆ ఎర్ర పెన్ను సంగతి మాత్రం ఒక్కసారీ ప్రార్థనలోకి రానివ్వలేదు. హాల్లో పాటల దగ్గర కూడా అదే వరస. “ఈ దీర్ఘం ఉండాలా బావగారూ? ఇది తప్పేనంటారా?” అని ప్రతి పంక్తికీ వచ్చి అడిగేది. ఒక ఆదివారం తెర మీద ‘స్తుతి’ బదులు ‘సుత్తి’ అని పడింది. పిల్లలు పకపకా నవ్వారు, పెద్దలు దగ్గు నటించారు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆమె ల్యాప్‌టాప్ మీద వేళ్ళు పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆ తప్పు ఆమె ముందే చూసిందట. సరిచేయడానికి ధైర్యం చాలలేదట.

గడువు ముగిశాక ఉద్యోగం పోయింది. ఇంకోటి వెతుక్కోమన్నాం. రెండు ఇంటర్వ్యూలకు వెళ్ళి, మూడోదానికి వెళ్ళనే లేదు. రైస్ కుక్కరు, బట్టలారేసే వెదురు గడలు మాకే ఇచ్చేసి, ఒక పెట్టెతో కాకినాడ వెళ్ళిపోయింది. విమానాశ్రయంలో నా కాళ్ళకి దండం పెట్టబోతే వద్దన్నాను. మన విశ్వాసంలో ఆ అలవాటు లేదని చెప్పాను, అప్పుడు కూడా తప్పు దిద్దుతూనే. ఆమె నా మీద ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

పోయిన నెల హైదరాబాదులో నాకు తెలిసినవాళ్ళ దగ్గర సరిగ్గా ఆమె చేసిన పనికే ఖాళీ ఉందని తెలిసి కాకినాడకి ఫోన్ చేశాను. నీలాంటివాళ్ళే కావాలట, నువ్వు చేయగలవు అని గట్టిగానే చెప్పాను. అవతల ఆమె గొంతు, చాలా మామూలుగా: “నాదేముంది బావగారూ.” అదే మాట. మా బల్ల దగ్గర అన్నప్పుడు నేను భక్తి అనుకున్నాను. ఇప్పుడు ఆమె దాన్ని నిజంగా నమ్ముతోంది. ఆ నమ్మకం ఆమెకు ఆత్మ ఇవ్వలేదు, నేనిచ్చాను.

ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఆ శనివారానికి ముందు వారమే మా ఆఫీసు ఫారం నేనూ నింపాను. నాకు నేను నాలుగు వేసుకున్నాను. ‘ఐ’లు ఎన్ని రాశానో లెక్కలేదు. అది ఆఫీసు పని కదా అనుకున్నాను. వినయం ఆమెకు బోధించడానికి ఉంచుకున్నాను.

నిన్న ఆ మూడో ప్రశ్న కింద ఏదీ నొక్కకుండానే ఇంటికొచ్చాను. ఇది రాయడం అయ్యాక ఆమెకు ఉత్తరం రాయాలి. “అమ్మా, నువ్వే చేశావు” అని మొదలుపెట్టాలి. నీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకనే నిన్ను కసిరానని, నీవు చెప్పిన అర్థమే సరైనదని రాయాలి. చదివే మీరు ఆమె పేరు అడగకండి, ఆయనకు తెలుసు. తండ్రీ, నీవిచ్చినది తన దగ్గర ఉందని ఆ బిడ్డకు మళ్ళీ తెలియనీ అని నాతోపాటు ఒక్కసారి ప్రార్థించండి. ఆ గీతలన్నీ గీయడానికి నాకు పాయసం చల్లారేంత సేపు కూడా పట్టలేదు. వాటిని చెరపడానికి ఆరేళ్ళు చాలలేదు. ఇంకెన్నేళ్ళు పడుతుందో, కాలం ఎవరి చేతిలో ఉందో ఆయననే అడగండి.