తమన్‌రాసెట్‌కు గంట

మా అన్న గూమా ఇరవై ఏళ్లు అల్జీరియా ఎడారిలోని జానెత్ విమానాశ్రయంలో సామాన్లు మోశాడు. "నువ్వుండే తమన్‌రాసెట్‌కి విమానంలో గంటేరా! నేను ఎక్కగానే టీ పెట్టు, మన ఆనవాయితీ మూడు గ్లాసుల్లో మూడోదానికి నీ ఎదురుగా ఉంటా" అనేవాడు. తర్వాత ఆ విమానం ఆపేశారు.

అన్న పొద్దున పోయాడని తమన్‌రాసెట్‌లో నాకు ఫోనొచ్చింది.

"జానెత్‌కి నేరుగా లేదు, ఉత్తరాన రాజధాని అల్జీర్స్ వెళ్లి విమానం మారాలి. రెండు రోజులు" అన్నాడు టిక్కెట్ల గుమాస్తా.

"సాయంత్రం నమాజులోపు మట్టి చేస్తారు! మా అన్న రెండు రోజులు ఆగుతాడా?" అని అరిచాను.

ఆగలేదు. నేను జానెత్‌లో దిగింది మూడో రోజు. విమానాశ్రయం గోడ మీద అన్న చేతిరాత: "తమన్‌రాసెట్, ఒక గంట."

"విమానం మళ్లీ వేస్తారని మీ అన్న రోజూ దాని మీది దుమ్ము తుడిచేవాడు" అన్నాడు కాపలాదారు.

నేను తాళంచెవి తీసి "ఒక గంట"ను గోకేసి, "మూడు రోజులు" అని చెక్కాను.

"అయ్యా, అది ప్రభుత్వ గోడ!"

"అందుకే నిజం రాస్తున్నా."