నస్రీన్‌కు పెట్టిన ప్రైవేటు

రేపల్లెలో, బాపట్లలో బళ్లు తిరిగి, రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు తెనాలిలో ఒక మునిసిపల్ హైస్కూలుకు అటెండరుగా బదిలీ అయ్యాను. అటెండరంటే గంట కొట్టేవాడు, కుర్చీలు మోసేవాడు, హెడ్మాస్టరు గది గుమ్మంలో నిలబడి లోపలి మాటలు విననట్టు నటించేవాడు. చివరి పనిలో నాకు మంచి పేరుండేది. ఎనిమిదో తరగతిలో నేను బడిని వదిలేసినా, బడి నన్ను వదల్లేదు.

అక్కడికి రెండు వీధుల పిల్లలే వచ్చేవారు. ఒకటి కుట్టుమిషన్ల మీద బతికే ముస్లిం కుటుంబాలది, ఇంకొకటి అమృతలూరు వైపు కూలికి వెళ్లే మా క్రైస్తవులది. కాస్త జరుగుబాటు ఉన్నవాళ్లు ఎప్పుడో కాన్వెంటు బస్సులెక్కేశారు. పదో తరగతి ఫలితాల్లో మా బడి అట్టడుగున ఉండేది. లెక్కల మాస్టారి పోస్టు ఏడాదిగా ఖాళీ. ఖాళీగా ఉన్నది కుర్చీ, వెనకబడ్డది మాత్రం పిల్లలట!

పైఅధికారి చీవాట్లు పెట్టాక హెడ్మాస్టరు ఒక ఉపాయం పట్టుకొచ్చారు. ఫెయిలవుతారనుకున్న పిల్లలకు టీసీ ఇచ్చేసి, బయటివాళ్లుగా పరీక్ష రాయించడం. ఆఫీసు భాషలో దాన్ని ‘ప్రైవేటుగా కట్టించడం’ అంటారు. వాళ్లు తప్పినా బడి లెక్కలోకి రాదు. ఆ లెక్కన అందరికీ టీసీలిచ్చేస్తే తప్పేవాడే ఉండడు.

మొదట పదో తరగతి పిల్ల నస్రీన్ తల్లిని పిలిపించారు. “మీ అమ్మాయిని ప్రైవేటుకి పెడుతున్నామమ్మా, సంతకం పెట్టు” అన్నారు.

మా ఊళ్లలో ప్రైవేటంటే సాయంత్రం చెప్పే ట్యూషను. ఆమె ముఖం విప్పారింది. “మా పిల్లకి ప్రైవేటు చెప్పిస్తారా సార్! మీ బిడ్డలు చల్లగా ఉండాలండి” అని చేతులెత్తి దండం పెట్టింది.

ఆయన సరిదిద్దలేదు. పెన్ను అందించారు. నాకు ఒళ్లు మండింది.

“ఎన్నింటికో చెప్పండి సార్, గంట కొట్టాలి కదా” అన్నాను.

“నీ పని చూసుకో, దేవసహాయం.”

“గంటేనండీ నా పని.”

“అవునన్నా, ఎన్నింటికి? నేనే తీసుకొస్తా” అందామె.

హెడ్మాస్టరు సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించారు. “ఇది ఆ ప్రైవేటు కాదు చెల్లెమ్మా. రేపట్నుంచి నీ కూతురు ఈ బడి పిల్ల కాదు” అన్నాను.

ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసింది. “తీసేస్తున్నామని చెప్పొచ్చు కదండీ. మీకు దండం పెట్టానే!” అంది.

మర్నాడు సాయంత్రం రెండు వీధుల తల్లులూ పిల్లలతో వచ్చి వరండాలో కూర్చున్నారు. “ప్రైవేటుకొచ్చామండి” అన్నారు. నేను గంట కొట్టాను. హెడ్మాస్టరు చదివిందీ లెక్కలే. కాసేపు చూసి, సుద్దముక్క తీసుకున్నారు. పరీక్షల దాకా చెప్పారు.

నస్రీన్ బడి పిల్లగానే రాసింది. లెక్కల్లో తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కింది. మా శాతం అట్టడుగునే ఉండిపోయింది. అందుకు హెడ్మాస్టరుకు మెమో వచ్చింది. ఖాళీ కుర్చీకి మాత్రం ఎవరికీ మెమో రాలేదు.

ఇప్పుడు ఏ బడి ‘నూటికి నూరు’ అని ఫ్లెక్సీ కట్టినా నేనడిగేది ఒక్కటే: తొమ్మిదిలో ఎంతమంది ఉండేవాళ్లు, పదిలో ఎంతమందిని మిగిల్చారు?